పాట తీసేసిన ప్రేమ

రోహిణి ఏం ఉద్యోగం చేస్తుందో నల్లగండ్లలో ఎవరికీ సరిగ్గా తెలియదు. వాళ్లమ్మ రుక్కమ్మ మాత్రం అంతా తెలిసినట్టే చెప్పేది. "ఏముంది, పొద్దుగాల పోతది, కూసుంటది, సిన్మాలు చూస్తది. నెల కాంగనే జీతమిస్తరు." విన్నవాళ్లు ముందు నవ్వేవాళ్లు. తర్వాత గొంతు తగ్గించి, తమ పిల్లకు కూడా అక్కడేమైనా ఖాళీ ఉందేమో కనుక్కోమనేవాళ్లు.

రుక్కమ్మ చెప్పినదాంట్లో పెద్ద అబద్ధమేమీ లేదు. గచ్చిబౌలిలో ఒక అద్దాల బిల్డింగు, అందులో నాలుగో అంతస్తు. కంప్యూటర్లకు మనుషుల తీరు నేర్పించడం ఆ కంపెనీ పని. కంప్యూటరుకు తనంతట తాను ఏదీ తెలియదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఇది నవ్వు, ఇది కొట్లాట అని చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పాలి. తెర మీద చిన్న వీడియో ముక్క వస్తుంది. కింద బటన్లు: ప్రేమ, స్నేహం, హాస్యం, గొడవ, బెదిరింపు, ఏమీ కాదు. చూడాలి, నొక్కాలి. ఒకే ముక్కను ముగ్గురికి పంపుతారు. అందులో ఇద్దరు ఏది నొక్కితే అదే సత్యం, మూడో మనిషికి స్కోరు తగ్గుతుంది. లోకంలో సత్యం ఎట్లా తేలుతుందో ఇంత సూటిగా ఒప్పుకున్న ఆఫీసు ఇంకోటి లేదు.

ఈ ముగ్గురి పంచాయితీ లేకుండా ఒక్కరే నొక్కినా సత్యమైపోయేవాళ్లు కొందరుంటారు. వాళ్లను 'గోల్డ్' అంటారు. వాళ్ల జవాబుతో పోల్చి మిగతా అందరికీ మార్కులు వేస్తారు. ఆ అంతస్తు మొత్తానికి తెలుగు ముక్కల గోల్డ్ రోహిణి ఒక్కతే.

ఊరికే కాలేదు. తెలుగువాళ్లు తిట్టుకుంటూ, కొట్టుకుంటూ, ప్రేమించుకుంటూ కావలసినంత దొరికేది సినిమాల్లోనే కాబట్టి ముక్కల్లో చాలా భాగం సినిమాలవే. రోహిణి పుట్టిపెరిగిందే సినిమా హాల్లో. తండ్రి మొగిలి లింగంపల్లిలో ఒక థియేటర్ దగ్గర టికెట్లు చింపేవాడు, క్యాంటీనూ తనే చూసుకునేవాడు. హాలు తలుపు దగ్గర మెట్టు మీద కూర్చుని సినిమా చూడటం చిన్న రోహిణికి ఆట మాత్రమే కాదు, డ్యూటీ. హీరోయిన్ హీరో చెంప మీద కొట్టగానే బయటికి పరుగెత్తుకొచ్చి "నాయినా, దెబ్బ పడ్డది!" అని అరవాలి. దెబ్బ పడిందంటే పాట వస్తుంది. పాట వస్తే సగం మంది బీడీలకు బయటికొస్తారు. మొగిలి వెంటనే సమోసాలు నూనెలో వేసేవాడు. ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు. ఆడపిల్ల కోపంగా వద్దన్నదంటే దానర్థం ఇంకాసేపట్లో సమోసాలు వేగుతాయని. అంతకుమించి ఆ 'వద్దు'కు అర్థం ఉందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

అట్లాంటి చదువు చదివినామె కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్తుంటే వినసొంపుగా ఉండేది.

"మొగోడు గరిటె పట్టుకున్నడా? ఇగ కథేందని చూడకు, హాస్యం. ఆడామె కారు నడుపుతున్నదా? జర ఆగితే గుద్దుతది, గొడవ. ఆఫీసుల పెద్ద కుర్సీల కూసున్న ఆడామె కండ్లద్దాలు తీసి చూసిందా? అది గూడ గొడవనే, సెకండాఫుల హీరో బుద్ధి చెప్తడు."

"ఆడావిడ వంటింట్లో ఉంటే అక్కా?"

"ఏమీ కాదు. బీరువా లెక్క. ఉంటది."

ఆ ఆఫీసులో మెడలో వేసుకునే ట్యాగులు రెండు రంగులవి. పర్మనెంటు వాళ్లకు నీలం, కాంట్రాక్టు వాళ్లకు నారింజ. నారింజ వాళ్లు కంపెనీ బస్సెక్కకూడదు, దవాఖాన కార్డుండదు, ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి. రోహిణి నారింజ ట్యాగుతోనే ఏళ్లు గడిపేసింది. ఈసారి మేనేజరు జశ్వంత్ గట్టిగా మాటిచ్చాడు. తెనాలి కుర్రాడు, మాటకు ముందొకటి వెనకొకటి 'అండి' తగిలిస్తాడు. "క్లయింట్ ఆడిట్ ఒక్కటి దాటేయండి రోహిణి గారూ, మీరు క్వాలిటీ లీడ్. పర్మనెంటండి. నీలం ట్యాగు నేనే నా చేతుల్తో వేస్తాను." రోహిణి ఇంట్లో చెప్పింది. రుక్కమ్మ వీధిలో చెప్పింది. ఇంకేముంది, అయిపోయినట్టే.

సరిగ్గా అప్పుడు సౌండు పోయింది.

"క్లయింట్ వైపు పాటల హక్కులతో ఏదో తలనొప్పండి" అని జశ్వంత్ ప్రకటించాడు. "ఇవ్వాళ్టి నుంచి ముక్కలన్నీ మ్యూట్‌లో వస్తాయి. బొమ్మ చూసి నొక్కేయడమే."

మొదటి గంట ఆ అంతస్తంతా చావు జరిగిన ఇల్లులా ఉంది. తర్వాత ఒక్కొక్కరూ కూనిరాగాలు తీయడం మొదలుపెట్టారు. సినిమా గుర్తుపట్టినవాళ్లు పాట తామే పాడేసుకుని ప్రేమ నొక్కుతున్నారు. రోహిణికి ఆ ఇబ్బంది కూడా లేదు. హీరో చొక్కా గళ్లు చూస్తే చాలు, వాయించే డోలు సహా పాట మొత్తం బుర్రలో మోగేది.

చిక్కంతా ఉమాశ్రీతో వచ్చింది. కాకినాడ పిల్ల, చేరి వారం కాలేదు. ఆరో తరగతి నుంచి ఇంజనీరింగ్ దాకా హాస్టళ్లలో పెరిగింది. ఆ హాస్టళ్లలో సినిమా అంటే సిలబస్‌లో లేని అంశం. ఆమెకు ఏ హీరో ఎవరో తెలియదు, ఏ చొక్కా ఏ పాటదో తెలియదు. చూసింది చూసినట్టు నొక్కుతోంది. ఆమె స్కోరు బావిలో పడ్డ చెంబులా కిందికి పోతోంది.

రోహిణి కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.

"ఏం తల్లీ, గిది బెదిరింపా?"

"అతను ఆవిడ స్కూటీ తాళం లాగేసుకున్నాడు కదక్కా."

"లాక్కుంటడు. ప్రేమ."

"ఆవిడ చెయ్యి చాపి ఇచ్చేయమంటోంది కదా?"

"అంటది. జర ఆగు, నవ్వుతది."

"నవ్వలేదక్కా. క్లిప్పయిపోయింది."

"తర్వాత నవ్వుతది. పాటల."

"పాట లేదు కదక్కా."

రోహిణికి ఒళ్లు మండింది. "నువ్వు మొగపిల్లలను ఎన్నడన్న చూసినవా అసలు?"

"చూశానక్కా. మా బస్టాప్‌లో ఒకడుండేవాడు. తాళమేంటి, నా బ్యాగే లాక్కున్నాడు."

"మరి?"

"మా వార్డెన్‌కి చెప్పాను. వాడు మళ్లీ కనపడలేదు." ఉమాశ్రీ అమాయకంగా అడిగింది. "అప్పుడు నేను పాట పాడాల్సిందా అక్కా?"

పక్క సీట్లవాళ్లు కిసుక్కుమన్నారు. రోహిణి లేచి తన సీటుకు వచ్చి, ఆ ముక్కకు ప్రేమ అని గోల్డ్ ముద్ర గట్టిగా నొక్కింది. ఉమాశ్రీ స్కోరు ఇంకో మెట్టు దిగింది.

ఆ వారమే ఒక కొత్త రకం ముక్కలు వచ్చాయి. మసక వెలుతురు, సెల్లారు పార్కింగు, ముఖాలు చెరిపేసినట్టు ఉన్నాయి. ఒకామె నడుస్తుంది. వెనకాల ఒకతను. ఆమె వడిగా నడిస్తే అతనూ వడిగా నడుస్తాడు. ఆమె కారు తలుపు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టి నిలబడతాడు. రోహిణికి సినిమా గుర్తు రాలేదు. కొత్త డైరెక్టరై ఉంటాడనుకుంది. ప్రేమ నొక్కింది. అంతటితో ఊరుకుంటే పోయేది, కింద వ్యాఖ్యల పెట్టెలో గోల్డ్ హోదాకు తగ్గట్టు ఒక మాట రాసింది: "హీరోయిన్ కొత్తమ్మాయి, భయం నటన చాలా సహజంగా ఉంది. కెమెరా పైన పెట్టడం బాగుంది."

కొన్నాళ్లకు క్లయింట్ కంపెనీ ఆ నేర్చుకున్న కంప్యూటర్ను తమ సొంత బిల్డింగులో పరీక్షకు పెట్టింది. కెమెరాల్లో కనిపించేది చూసి, ఎక్కడైనా బెదిరింపు ఉంటే సెక్యూరిటీ వాళ్లకు గంట కొట్టాలి. అదీ దాని పని.

మొదటి రోజు పొద్దున క్యాంటీన్లో వంటాయన ఉప్మా కలుపుతుంటే కంప్యూటరు 'హాస్యం' అంది. ఆయన ముప్పై ఏళ్లుగా కలుపుతున్నాడు, ఎవరూ నవ్వలేదు. ఒక ఉద్యోగిని తన కారు నిమ్మళంగా వెనక్కి తీస్తుంటే 'గొడవ' అని గంట కొట్టింది. ఇద్దరు గార్డులు పరుగెత్తుకొచ్చి, ఎవరిని కాపాడాలో తెలియక ఆమె టైర్లలో గాలి చూసి వెళ్లారు. ఒక డైరెక్టరమ్మ మీటింగులో కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మళ్లీ గంట, మళ్లీ గార్డులు. సాయంత్రం సెల్లారులో ఒకడు ఒకమ్మాయి వెంటపడి, ఆమె కారుకు అడ్డం నిలబడ్డాడు. కంప్యూటరు గంట కొట్టలేదు. మురిపెంగా 'ప్రేమ' అని రాసుకుని ఊరుకుంది. ఆ అమ్మాయి తన గొంతు తానే చించుకుని అరిస్తే గార్డులొచ్చారు.

తెలుగు సినిమాను అంత శ్రద్ధగా చదువుకున్న విద్యార్థి మళ్లీ దొరకదు. అద్దాల బిల్డింగుల్లో పనిచేసే వేల మంది మగపిల్లలు అదే బళ్లో అదే పాఠం చదివొచ్చారు. వాళ్లను మాత్రం ఎవరూ ఆడిట్ చేయలేదు.

క్లయింట్ వాళ్లు తీగ లాగారు. సెల్లారు ముక్కల దగ్గరికొచ్చింది. వ్యాఖ్య చదివారు.

జశ్వంత్ రోహిణిని చిన్న మీటింగ్ రూములోకి పిలిచి తలుపేశాడు.

"అది సినిమా కాదు రోహిణి గారూ. పార్కింగు కెమెరా. రెండు రకాల ముక్కలూ కలిసిపోయి వచ్చాయండి."

"మరి ఆ హీరోయిన్?"

"హీరోయిన్ ఏంటండీ బాబూ! ఎవరో ఉద్యోగం చేసుకునే అమ్మాయి."

సహజంగా ఉందని తాను మెచ్చుకున్న ఆ భయం రోహిణి కళ్ల ముందుకొచ్చింది. సహజంగా ఉండక ఏం చేస్తుంది?

"కంగారు పడకండి" జశ్వంత్ గొంతు తగ్గించాడు. "సోమవారం క్లయింట్ వాళ్లతో వీడియో కాల్ ఉంది, అందులో మీరొక్క మాట చెప్పండి చాలు. ముక్కలు కలిసిపోవడం వల్ల ఆ ఒక్క బ్యాచ్‌లో పొరపాటు జరిగింది, మిగతావన్నీ కరెక్టు అనండి. అబద్ధం కూడా కాదండి. ఆడిట్ గట్టెక్కుతుంది, మీ పర్మనెంటు గట్టెక్కుతుంది. అవన్నీ తప్పన్నారనుకోండి, ఏళ్ల పని మొత్తం తిరగదోడాలి. మీ గోల్డ్ పోతుంది. ఆ తర్వాత నేనేం చేయలేనండి."

ఆదివారం ఇంట్లో టీవీలో పాత సినిమా వస్తోంది. రుక్కమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. మొగిలి మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. రోహిణి రిమోటు తీసుకుని సౌండు ఆపేసింది.

"ఏందే, ఖరాబైందా?" అంది రుక్కమ్మ తలెత్తి. తెర చూసింది. కాసేపు చూసింది. "ఎవడే వాడు? నలుగురు దోస్తులను ఏసుకొచ్చి పిల్ల తొవ్వకు అడ్డం నిలబడ్డడు. ఆ పిల్లకు ఎవ్వరు లేరా?"

"హీరో గాదె వాడు!" మొగిలి గుడ్లురిమాడు. "నీకు పానమైన సిన్మా ఇది. పాటొస్తే నువ్వు గూడ పాడ్తవు."

"గిది గా సిన్మానా?" రుక్కమ్మ చిక్కుడుకాయ పట్టుకుని ముందుకు వంగింది. "ఇన్నిసార్లు చూసిన, వీని మొఖం సక్కగ ఎన్నడు చూడలే. సౌండు పెట్టు, అప్పుడు జర హీరో లెక్క కొడ్తడు."

"పెట్ట" అంది రోహిణి. "అమ్మా, నాయిన గూడ నీ ఎంబడి పడ్డడంట గద అప్పట్ల? మేనమామ చెప్పిండు."

మొగిలి టీవీలోకి మరీ శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

"పడ్డడు. చందానగర్ అంగడి కాడికెల్లి ఎంబడొచ్చిండు. నేను వెనక్కి తిరిగి చెప్పు తీసి చూపిచ్చిన."

"మరి పెండ్లెట్లయింది?"

"చెప్పు చూసి అక్కడనే ఆగిండు. ఇగ ఎన్నడు ఎంబడి రాలే. ఏడాదైనంక మీ మేనమామతోని అడిగిపిచ్చిండు. ఆగిండు గావట్టే సరే అన్న. ఆగకుంటే రెండో చెప్పు గూడ తీస్తుంటి."

"నేనేం భయపడి ఆగలే" అన్నాడు మొగిలి, ఇన్నేళ్ల తర్వాత కూడా పరువు కాపాడుకుంటూ. "డ్యూటీకి టైమైంది."

రోహిణి ఎంత ఆపుకున్నా నవ్వాగలేదు. చెప్పు చూసి ఆగిన మనిషి మీద ఇంతవరకూ ఒక్క సినిమా కూడా రాలేదు. వచ్చినా మొదటి రీలుకే అయిపోతుంది, పాటలకు చోటుండదు.

సోమవారం కాల్‌లో క్లయింట్ తరఫున రేఖ అనే ఆమె వచ్చింది. తెలుగామే. తెర మీద సెల్లారు ముక్క పెట్టింది. జశ్వంత్ బల్ల కింద రోహిణికి బొటనవేలు చూపించాడు, ధైర్యంగా ఉండమని.

"రోహిణి గారూ, దీనికి ప్రేమ అని ఎందుకు పెట్టారండి?"

"పాట వస్తదనుకున్న మేడం."

అటువైపు ఎవరో తాగుతున్న నీళ్లు పొలమారిన చప్పుడైంది. రేఖ నవ్వాపుకున్నట్టుంది. జశ్వంత్ అందుకున్నాడు. "మేడం, అదేంటంటే, రెండు రకాల ముక్కలు కలిసిపోయాయండి. సినిమా అనుకుని నొక్కారు. ఈ ఒక్క బ్యాచ్ వరకేనండి."

"అవునా రోహిణి గారూ? ఈ బ్యాచ్ ఒక్కటేనా? మిగతావి అట్లాగే వాడుకోవచ్చా?"

జశ్వంత్ బొటనవేలు ఇంకా నిలబడే ఉంది. అవును అంటే చాలు. ఒక్క మాట. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. తెర మీద ఆ అమ్మాయి, ముఖం చెరిపేసిన అమ్మాయి, కారు తలుపు దగ్గర ఆగిపోయి ఉంది.

"కాదు మేడం" అంది రోహిణి. "అన్నీ గిట్లనే పెట్టిన. మిగిలినయాటికి పాట వచ్చింది. గంతే తేడా."

జశ్వంత్ బొటనవేలు మెల్లగా మడుచుకుంది.

"మా కాడ కొత్తగొచ్చిన ఒక పిల్ల సక్కగ నొక్కింది మేడం" రోహిణి ఇక ఆపలేదు. "నొక్కినప్పుడల్ల నేనే తప్పని కొట్టేసిన. స్కోరు పడాల్సింది దానిది గాదు, నాది."

కాల్ అయ్యాక జశ్వంత్ తెర ఆపేశాడు. "సత్యం చెప్పడానికి కూడా ఒక టైముంటుందండి" అని గొణిగాడు.

"ఎప్పుడు సారూ?"

"పర్మనెంటయ్యాకండి."

రోహిణికి నీలం ట్యాగు రాలేదు. గోల్డ్ పోయింది. విచిత్రంగా ఉద్యోగం మాత్రం పోలేదు, ఎందుకంటే ఏళ్ల ముక్కలన్నీ మళ్లీ మొదటి నుంచి నొక్కాల్సి వచ్చి మనుషులు చాలలేదు. రోహిణి తప్పు పుణ్యాన నారింజ ట్యాగుల వాళ్లందరికీ కాంట్రాక్టు పొడిగించారు. "నువ్వింకో రెండు తప్పులు చెయ్యక్కా, మేమంతా రిటైరయ్యేదాకా ఉంటాం" అని ఆటపట్టించేవాళ్లు. రుక్కమ్మ వీధిలో, "పర్మనెంటు ఇస్తమన్నరు, మా పిల్లనే వద్దన్నది" అని చెప్పుకుంది. ఒక రకంగా నిజమే.

కొత్త గోల్డ్ ఉమాశ్రీ. చేరి మూడు నెలలు కాకుండానే సత్యమైపోయింది. తల ఎత్తకుండా, సినిమా వాసన సోకని నిష్ఠతో టకటకా నొక్కుకుంటూ పోతోంది. ఆమె జవాబుతో పోల్చి రోహిణికి మార్కులు. రోజూ ఎర్ర గీతలే.

ఒక మధ్యాహ్నం రోహిణి ఒక ఎర్ర గీత చూసి ఆగింది. ముక్క మళ్లీ వేసింది. ఆసుపత్రి వరండా. మంచం మీద ముసలాయన. పక్కన ముసలామె, చూపుడువేలు ఆడిస్తూ ఆయన్ని ఎడాపెడా తిడుతోంది. రోహిణి నొక్కింది ప్రేమ. ఉమాశ్రీ గోల్డ్ జవాబు: బెదిరింపు.

గోల్డ్ మీద ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. నెగ్గకపోతే మాత్రం స్కోరు రెట్టింపు కోత. రోహిణి స్కోరు అప్పటికే అంచున ఉంది. ఇంకొక్క కోత పడితే ఈ పొడిగించిన కాంట్రాక్టూ దక్కదు.

ఆమె కుర్చీ లాక్కుని ఉమాశ్రీ పక్కకు చేరింది.

"ఏం తల్లీ, గిది బెదిరింపా?"

"వేలు చూపించి బెదిరిస్తోంది కదక్కా."

"ఒక చెయ్యే చూసినవు. రెండో చెయ్యి ఏం చేస్తున్నదో చూడు."

ఉమాశ్రీ ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వంగింది. ముసలామె రెండో చెయ్యి ఇడ్లీ తుంచి, చట్నీలో అద్ది, తిట్టు తిట్టుకూ ఆయన నోట్లో పెడుతోంది. ఆయన బుద్ధిగా నోరు తెరుస్తున్నాడు.

"తిడుతూ తినిపిస్తారా అక్కా ఎవరైనా?"

"మీ హాస్టల్ల తిట్టకుండ పెట్టేటోళ్లా?"

"తిట్టి, పెట్టేవాళ్లు కాదు."

"అగో, గది బెదిరింపు."

ఉమాశ్రీ ముక్కను మళ్లీ మొదటి నుంచి వేసింది. మళ్లీ చూసింది. ఎటూ తేల్చుకోలేకపోయింది. "నాకు తెలీదక్కా. నేను మార్చను. మీరు అభ్యంతరం పెట్టుకోండి, పైవాళ్లు చూస్తారు. ఓడిపోతే మీ స్కోరు..."

"పోనీ" అంది రోహిణి. తన సీటుకు వచ్చి, ఎందుకో చెప్పమన్న పెట్టెలో, 'ఆయన వద్దంటే ఆమె ఆగుతది, ఆయన వద్దంటలేడు' అని రాసి, అభ్యంతరం నొక్కింది.